షోలాపురం అవ్వ చెప్పిన పేర్లు

చీర మీద పువ్వు ఎక్కడ రావాలెనో మగ్గం మీద కూసున్నంక ఆలోచించేది గాదు బిడ్డా. మన పోచంపల్లి దిక్కు ఆ ముచ్చటంతా ముందుగాల్నే తేలిపోవాలె. కాయిదం మీద గళ్లు గీసి, ఏ గడిల ఏ రంగో చూసుకొని, దారాన్ని చట్రానికి సాగదీసి గుర్తులు పెట్టి, రంగు తగలొద్దనుకున్న కాడల్లా సైకిల్ ట్యూబు చీలికలతోని గట్టిగ చిటికి కడ్తరు. ముందుగాల లేత రంగుల ముంచుతరు. ఆరినంక కట్టేవి కట్టి, విప్పేవి విప్పి, ముదురు రంగుల ముంచుతరు. పసుపు మీద ఎరుపు ఎక్కుతది గని ఎరుపు మీద పసుపు ఎక్కదు. వరుస తప్పిందంటే ఆ దారం ఇగ ఆ చీరకు పనికిరాదు. ఒక్క పడుగుకు ఏడెనిమిది చీరలు, వాటన్నిటి పువ్వులు ఒక్కసారే కట్టుకోవాలె. మా నాయిన చిటికి కట్టేటప్పుడు నోరు విప్పేటోడు గాదు. నేను పక్కన కూసొని ట్యూబు చీలికలు అందియ్యాలె. ఒకటి ఆయన చేతుల పెట్టేటప్పటికి రెండోది నా బొటనవేలికి చుట్టుకొని తయారుగ ఉండాలె. ఆయన చెయ్యి నా కోసం ఆగొద్దు, అదీ లెక్క.

మీరందరు ఈ కుంపటి చుట్టూ చేరి మన వంశం ముచ్చట అడుగుతుంటే నాకు ఆ చిటికే యాదికొస్తున్నది. సంక్రాంతి సెలవు మూడు దినాలు, ఇంతల్నే అందరి పేర్లు రాసుకొని పోవాలె అంటున్నవ్. రాయాలె, మంచి పని. గని ఎవరిని ముందుగాల అడగాలె, ఎవరిని ఎనక అడగాలె, ఏ కాయిదం యాడ దొరుకుతది, ఇది తేల్చుకోకుంట బయలెల్లితే తిరిగిన తిరుగుడే మిగుల్తది. నా మాట ఒక్కటి పట్టుకో. మనుషులు ముందు, కాయిదాలు తర్వాత. ఆఫీసుల ఉన్న దస్తావేజు వచ్చే యాడాది సుత ఆడనే ఉంటది. తొంభై ఏండ్ల ముసలవ్వ వచ్చే యాడాదికి ఉంటదో ఉండదో ఆమెకే ఎరుక లేదు. ఉన్నా, ఇయ్యాల ఉన్న యాది రేపు ఉంటదన్న భరోసా లేదు.

మా నాయినకు సంతకం తప్ప సదువు రాదు. అయినా ఇంటి ముచ్చట రాయించి పెట్టాలెనని ఆయనకున్నంత పట్టుదల నేను సదువుకున్నోళ్లల్ల సుత చూడలేదు. మా పెద్దక్క లగ్గం కుదిరినప్పుడు అందరు పందిరి గురించి, పప్పు బియ్యం గురించి లెక్కలేస్తున్నరు. ఆయన ఆ లెక్కలతోని పాటే ఇంకొక లెక్క ఏసిండు. చుట్టాలందరు ఒక్కకాడికి వస్తున్నరు, ఇట్లాంటి అదును మళ్ల దొరకదు అని. లగ్గం వైశాఖంల. మాఘమాసంలనే షోలాపురానికి కార్డు రాయించిండు. ఆయన మేనత్త ఆడ ఉండేది. మేమంతా షోలాపురం అవ్వ అనేటోళ్లం.

మన దిక్కు సాలోళ్లు షోలాపూర్ ఎందుకు పోయిన్రో మీకు చెప్పలేదు గదా. ఈడ ఎంత నేసినా అప్పు తీరకపాయె. ఆడ మిల్లులున్నయి, వారం వారం కూలి చేతుల పడ్తది. నిజాం రాజ్యంల ఉన్న ఊరు ఇడిచి, బీబీనగర్ల రైలెక్కి, వాడి కాడ బండి మారి ఇంగ్లీషోళ్ల రాజ్యంల దిగేటోళ్లు. ఆ ఎనక భివండికి, సూరత్‌కు సుత అట్లనే పోయిన్రు. ఇయ్యాల్టికీ షోలాపూర్ల తెలుగు మాట్లాడే వాడలకు వాడలే ఉన్నయి. మన వంశంల ఒక కొమ్మ మొత్తం ఆడనే ఉన్నది. ఈ ఊర్ల ఎంత ఎతికినా మీకు సగమే దొరుకుతది.

ఆ కార్డుల నాయిన లగ్గానికి రమ్మని ఒక్కటే రాయించలేదు. నాలుగు దినాలు ముందుగాల రా, మీ అమ్మ పుట్టిల్లు ఏ ఊరు, మీ తోడబుట్టినోళ్లు ఎందరు, ఎవరు ఏ ఊర్ల పడ్డరు, యాది చేసుకుంట రా అని రాయించిండు. ఇది చిన్న ముచ్చట గాదు. ముసలోళ్లను ఎకాయెకి అడిగితే ఏమో బిడ్డా అంటరు. నెలలు ముందుగాల అడిగి పెడితే, రాత్రిపూట నిద్ర పట్టనప్పుడు ఒక్కొక్క పేరు మీదికొస్తది. అవ్వ రైలు దిగి ఇంట్ల కాలు పెట్టిందో లేదో, కాళ్లు కడుక్కోకముందే, "అరే, మా చిన్నమ్మను గట్టుప్పలకు ఇచ్చిన్రురా, తొవ్వల యాదికొచ్చింది" అన్నది.

భువనగిరి పోయి ఒక లావు బౌండు బుక్కు కొన్నడు నాయిన. ఊర్ల బడిపంతులును ముందుగాల్నే అడిగి ఒప్పించుకున్నడు. లగ్గం నాడు గాదు, లగ్గానికి రెండు దినాల ముందు పొద్దుగాల. అవ్వ ఆకు వక్క ఏసుకొని గోడకు ఒరిగి కూసున్నంక, పొయ్యికాడి ఆడోళ్ల లొల్లి మొదలు గాకముందు. ఆ యేళ ఎంచుకున్నది సుత నాయిననే. మధ్యాహ్నం తిన్నంక ఆమెకు కునుకు వస్తదని ఆయనకు ఎరుక.

పంతులు మర్యాదగ, "అవ్వా, మీ తాత పేరుతోని మొదలుపెడ్దామా" అన్నడు. అవ్వ ఒప్పుకోలేదు. "మగోళ్లతోని మొదలుపెడ్తే చిక్కుబడ్తవు పంతులూ" అన్నది. ఎందుకో చూడుండ్రి. పక్కన యాదగిరిగుట్ట ఉన్నది. ఇంటింటికీ ఒక యాదగిరి, ఒక నర్సయ్య, ఒక లక్ష్మయ్య. పైంగ తాత పేరు మనుమనికి పెట్టుడు. నర్సయ్య కొడుకు యాదగిరి, యాదగిరి కొడుకు నర్సయ్య, ఆ నర్సయ్య కొడుకు మళ్ల యాదగిరి. అన్నదమ్ములు ముగ్గురుంటే ముగ్గురు తమ పెద్ద కొడుకులకు ఒక్క తాత పేరే పెడ్తరు. కాయిదం మీద నర్సయ్య అని ఉంటే ఏ నర్సయ్య అనుకుంటవ్? అవ్వ ఏమన్నదంటే, ఆడపిల్లలను రాయి, ఎవరిని ఏ ఊరికి ఇచ్చినమో రాయి, కోడళ్లను ఏ ఊరి నుంచి తెచ్చుకున్నమో రాయి, మగోళ్లు వాళ్ల పక్కకు వాళ్లే వచ్చి నిలవడ్తరు అన్నది. పుట్టపాక పిల్లను చేసుకున్న నర్సయ్య ఒకడు, సిరిపురం పిల్లను చేసుకున్న నర్సయ్య ఇంకొకడు. అట్ల రాస్తే ఇద్దరు ఒక్కడు కారు. నేను చూసిన వంశవృక్షాలల్ల చానా వాటిల ఆడోళ్ల పేర్లే ఉండవు. పేరు లేని భార్యలు, లెక్కల లేని బిడ్డలు. అది అన్యాయం, ఆ పైన ఎతికేటోనికి తొవ్వ మూసినట్టు సుత. మీరు మాత్రం అట్ల రాయకుండ్రి.

ఒకకాడ లొల్లి లేసింది. మా ముత్తాత అన్నదమ్ములల్ల పెద్దోడు ఎవరు అని. అవ్వ ఒక పేరు చెప్తే, కొయ్యలగూడెం నుంచి వచ్చిన మా నాయిన పెద్దమ్మ ఇంకొక పేరు చెప్పింది. ఇద్దరు ఎనక్కి తగ్గరు. పంతులు కలం పట్టుకొని నాయిన దిక్కు చూసిండు. నాయిన, రెండూ రాయుండ్రి పంతులూ, ఏది ఎవరు చెప్పిన్రో పక్కన రాయుండ్రి అన్నడు. ఇప్పటికీ ఆ పేజీల రెండు మాటలున్నయి, ఇద్దరి పేర్లున్నయి. తేల్చే కాయిదం ఏదన్న రేపు మీకు దొరకొచ్చు. అప్పుడు ఒకటి కొట్టేస్తే నాయిన ఏమీ అనుకోడు.

ఇంకొక పని చేయించిండు. ఒక ఇంటికి ఒక పేజీ, దాని ఎనక పేజీ ఖాళీగ ఇడిచిపెట్టాలె. పంతులుకు అర్థం గాలేదు, కాయిదం దండుగ గదా అన్నడు. పుట్టేటోళ్లకు జాగ ఉండొద్దా అన్నడు నాయిన. అప్పటికి నాకు లగ్గమే కాలేదు. ఆ ఖాళీ పేజీల ఇప్పుడు మీ నాయిన పేరున్నది, నీ పేరున్నది, నీ తమ్ముని పేరున్నది. ఇంకా అడుగున నాలుగు వేళ్ల జాగ మిగిలే ఉన్నది.

మా నాయినకు ఈ ముందుచూపు పుట్టుకతోని రాలేదు, మగ్గం గుంట నేర్పింది. గుంట మగ్గం అంటే నేలల తవ్విన గుంటల కాళ్లు పెట్టి తొక్కాలె గదా. వానలు పట్టినయంటే ఆ గుంటల నీళ్లూరుతయి. దారం తేమ పట్టి సాగుతది, తెగుతది. అచ్చు అతికి పెట్టిన పడుగు సుత అట్లనే ఆగిపోతది. నెయ్యకుంటే కూలి లేదు. ఆషాఢం, శ్రావణం ఇంటిల్లిపాది ఏం తినాలె? అందుకే లగ్గాల కాలంల వచ్చిన పైసలల్ల అమ్మ ముందుగాల్నే కొంత తీసి జొన్నలు కొనేది. వేపాకు కలిపి కాగులల్ల పోసి మూతికి పేడ మెత్తేది. ఎండాకాలంలనే తొక్కులు, పిడకలు, కట్టెలు. వాన మొదలైనంక చేసే కండెలు ఎన్నో, దానికి నూలు ఎంతో, అది సుత లెక్కనే. ఈ లెక్క తప్పిన ఇండ్లు షావుకారు కాడికి పోయి నూలు అప్పు తెచ్చుకున్నయి. ఆ అప్పు తీర్చటానికి ఏండ్లకేండ్లు ఆయనకే నేసి పెట్టినయి. ఒక్క వానాకాలం లెక్క తప్పి మగ్గం తమది గాకుంట పోయిన ఇండ్లను ఈ కండ్లతోని చూసిన.

అమ్మ దిక్కు ముచ్చట్లు నాకు ఎట్ల తెలిసినయనుకున్నవ్? ఆసు కాడ. చిటికి కట్టే ముందు దారాన్ని ఆసు పొయ్యాలె. ఒక కొస నుంచి మేకుల చుట్టూ తిప్పి మళ్ల ఎనక్కి, ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడాలె. అమ్మ ఆసు పోసుకుంట వాళ్ల పుట్టింటి ముచ్చట్లు చెప్పేది. ఎవరు ఎవరికి ఏమైతరు, ఎవరి లగ్గంల ఎవరు అలిగిన్రు, అన్నీ ఆ చేతి ఊపుల్నే వచ్చేవి. ఆలేరు పక్క శారాజీపేట చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజాల నొప్పి చూడలేక 1999ల ఆసు యంత్రం చేసిండు. 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. ఎంతమంది తల్లుల భుజాలు కాపాడిండో ఆయన, ఆయనకు దండం పెట్టాలె. గని ఆ గంటల కొద్ది కూసొని చెప్పే యేళ సుత దాంతోనే పాయె. ఎనకట పనిల పని అయిపోయేది. ఇప్పుడు చెప్పటానికి, ఇనటానికి ఒక దినం, ఒక గంట అని మనమే పెట్టుకోవాలె.

అట్ల పెట్టుకున్న దినాలు ఎనకట సుత ఉండె. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు గోత్రం అడుగుతడు, తండ్రి, తాత, ముత్తాత పేర్లు అడుగుతడు. తల్లి దిక్కు పేర్లు సుత. ముందటి రాత్రే నాయిన మమ్ముల కూసోబెట్టి అవి అప్పజెప్పించేటోడు. ఇగ కూనపులోళ్లు వచ్చేటోళ్లు. పద్మశాలోళ్లకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేది వాళ్లే. చేర్యాల నకాషీలు రంగులేసిన పొడుగాటి పటం గుంజకు వేలాడగట్టి, కొంచెం కొంచెం విప్పుకుంట, ఒక్కొక్క బొమ్మ మీద పుల్ల పెట్టి రాత్రంతా చెప్పేటోళ్లు. ఏ ఊళ్లు ఎవరికి అని వాళ్లల్ల వాళ్లకు తాతల నాటి పంపకం. ఏ ఇంటి పెద్ద ఎవరో వాళ్లకు ఎరుకే. రెడ్ల ఇండ్లకు పిచ్చకుంట్లోళ్లు పోయి గోత్రాలు, వంశాలు చెప్పేటోళ్లు. ఇయ్యాల పటం కథ చెప్పేటోళ్లు చానా తక్కువమందే మిగిలిన్రు. యాడన్న ఉన్నరని తెలిస్తే తడవు చెయ్యకుండ పోయి అడగాలె.

ఇగ తారీఖుల ముచ్చట. నేను ఎప్పుడు పుట్టిన్నో మా అమ్మను అడిగితే, "పోలీసు యాక్షన్ నాటికి నువ్వు గోడ పట్టుకొని నిలవడుతుంటివి" అనేది. నిజాం రాజ్యం మీదికి ఇండియా ఫౌజు దిగిన ఆ పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాంక. గోడ పట్టుకొని నిలవడే పిల్లగాడంటే తొమ్మిది పది నెలలు. అంటే నేను 1947 ఆఖరుకు పుట్టిన్నన్నమాట. బడిల మాత్రం జూలై ఒకటి అని రాసిన్రు. నా ఈడోళ్లల్ల చానామందికి అదే పుట్టినదినం. అందుకే ఒక్క కాయిదం చూసి తారీఖు ఖాయం చేసుకోవద్దు. పెద్దోళ్ల నోటి మాటను ఒక పెద్ద సంగతికి ముడేసి చూడాలె.

ఆ పెద్ద సంగతుల పట్టీ ముందుగాల్నే రాసుకొని పో. మూసీ వరద 1908 సెప్టెంబర్ 28. ఇన్‌ఫ్లుయెంజా జ్వరం 1918. పోచంపల్లికి వినోబా వచ్చింది 1951 ఏప్రిల్ 18. ఆ దినమే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తనన్నడు, భూదానం ఆడనే మొదలైంది. నన్ను నాయిన భుజాల మీద ఎత్తుకొని పోయి చూపిచ్చిండంట. ముసలోళ్లను ఏ సంవత్సరం అని అడిగితే చెప్పలేరు. వరదకు ముందా ఎనకనా, వినోబా వచ్చినప్పుడు నీకు లగ్గమైందా అని అడిగితే టక్కున చెప్తరు.

పాత కాయిదాలల్ల సర్వధారి, ఖర, కీలక అని సంవత్సరం పేరే ఉంటది. ఆ పేర్లు 60 ఏండ్లకొకసారి మళ్ల వస్తయి. సర్వధారి 1888ల వచ్చింది, 1948ల వచ్చింది, 2008ల వచ్చింది. పేరు ఒక్కటి చూసి ఏ సర్వధారో తేలదు, రాసినోని వయసో, పక్కన సాక్షి పేరో చూడాలె. నిజాం కాలం కాయిదాలల్ల ఫసలీ ఉంటది. దానికి 590 కలుపుకుంటే ఇంచుమించు మన సంవత్సరం వస్తది. ఫసలీ 1364 అంటే 1954-55. తెలంగాణల అందరు అడిగే భూమి లెక్కల కాయిదం, ఖాస్రా పహాణీ, ఆ యాడాదిదే.

కాయిదాల కోసం పోయేటప్పుడు సుత ఇంట్లనే సగం పని చేసుకోవాలె. సర్వే నంబరు తెలియకుంట పహాణీ అడిగితే ఎవరూ తీసి ఇయ్యరు. మన జిల్లా ఇప్పుడు యాదాద్రి భువనగిరి. అది 2016 అక్టోబర్ 11న అయింది. మండలాలు 1985ల వచ్చినయి. అంతకు ముందటిదంతా భువనగిరి తాలూకా, నల్గొండ జిల్లా. పాత కాయిదం ఆ పేర్ల కిందనే ఎతకాలె. నిజాం నాటిది ఉర్దూల ఉంటది, చదివి చెప్పేటోళ్లను ముందుగాల చూసుకొని, అప్పుడు నకలు తీసుకో. హైదరాబాద్ తార్నాకల సర్కారు పాత కాయిదాలు దాచే రాజ్య అభిలేఖాగారం ఉన్నది. ఆడికి పోయే దినం ఒక్క సంగతి తేల్చుకునేటందుకే పో, పది సంగతులు ఒక్కసారి పెట్టుకోకు. జనన మరణాల నమోదు చట్టం 1969ది. దానికి ముందు పుట్టినోళ్లకు బడి దాఖలా రిజిస్టరే పెద్ద ఆధారం. తారీఖును నమ్మకున్నా, తండ్రి పేరు, ఊరు, కులం ఉంటయి. చేనేత సంఘంల సభ్యుల పుస్తకాలు చూసుడు మరువకు. మన తాతలు భూమి లేకున్నా సంఘంల వాటా కొన్నరు.

ఫొటోల ఎనక పెన్సిలుతోని రాయి. పెన్ను సిరా కాయిదంల దిగి ముందలికి మచ్చ పడ్తది. ఫోన్ల రికార్డు చేసిన మాటకు చెప్పినోళ్ల పేరు, ఊరు, తారీఖు ఆనాడే పెట్టు. లేకుంటే ఆరు నెలలైనంక ఏ గొంతు ఎవరిదో నీకే తెల్వదు. నాయిన బుక్కు ఈ ఇనుప పెట్టెల ఒక్కటే ఉన్నది. ఈసారి పోయేలోపు అన్ని పేజీలు ఫొటో తీసుకో, ఒకటి నీ కాడ, ఒకటి షోలాపూర్ల, ఒకటి బొంబాయిల ఉన్న మీ పిన్ని కాడ ఉంచు. చెదలు పట్టినా, వాన కురిసినా ఒక ఇంట్లనన్న మిగుల్తది.

రేపు పొద్దుగాల కొయ్యలగూడెం పోదాం. మా పెద్దమ్మ బిడ్డ ఉన్నది, నాకంటే పదేండ్లు పెద్ద. చాయ తాగినంక, పది గాకముందు. అక్క లగ్గం ఫొటో తీసుకొని పోదాం, అండ్ల నిలవడ్డోళ్లల్ల ఆమె ఉన్నది. ముందుగాల ఆ ఫొటో చేతికియ్యి, ఆమెనే మొదలుపెడ్తది. గంట కంటే ఎక్కువ కూసోబెట్టకు, మళ్ల ఎల్లుండి వస్తమని చెప్పు. ఆ రాత్రి ఆమెకు ఇంకొన్ని యాదికొస్తయి.

షోలాపూర్‌కు మాత్రం రాఖీ పున్నమకే పోవాలె. ఆనాడు మార్కండేయుని రథం తీస్తరు, భివండి, పూణె నుంచి సుత మనోళ్లు వస్తరు, ఇల్లిల్లు తిరుగకుంట అందరు ఒక్కకాడ దొరుకుతరు. ఉగాది నుంచే ఫోన్లు చేసి, ఎవరిని ఏం అడగబోతున్నమో చెప్పి పెట్టు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 దినాల ముందు తెరుస్తున్నరంట గదా. క్యాలెండర్ల పున్నమ తారీఖు చూసి, మనం రైలెక్కే దినం నుంచి 60 ఎనక్కి లెక్కబెట్టి, ఆ దినం కాడ ఎర్ర పెన్నుతోని సున్న చుట్టు. నాకు కింది బెర్తు చూడు.